బొటనవేలి కొలత

చైత్రం, బహుళ తదియ, పోన్ సంతరోజు
కాకుల దీవి

అక్కా,

నేను క్షేమం. నువ్వూ, నీ కొలిమీ, తిత్తి ఊదే కెంబాంగ్ పిన్నీ క్షేమమని తలుస్తాను.

రెండేళ్ళుగా తాటాకు ముక్కైనా రాయనివాడు ఇప్పుడెందుకు రాశాడా అని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నిజమే, పని పడే రాస్తున్నాను. ముందు తిట్టుకో, తరవాత చదువు.

ఈ దీవి దొర దాతు వులుంగ్ దగ్గర కాపలాకి కుదిరానని చెప్పాను కదా. ఏడేళ్ళు చేస్తే తడి పొలం ఇస్తానన్నాడు. ఇక్కడ ఏడేళ్ళు చేసినవాడు ఒక్కడూ లేడని వచ్చాక తెలిసింది. ఈ దాతు వయసెంతో ఎవరూ చెప్పలేరు. ఏటా మాఘ అమావాస్యకి తన ఒంట్లోంచి లేచి, మాలో బలమైనవాడి ఒంట్లోకి పోతాడు. పాత ఒళ్ళు ఖాళీ గోనెసంచిలా కూలిపోతుంది. ఎక్కించుకున్నవాడు ఏమవుతాడో తెలీదు. మొన్న మాఘంలో మదురా నుంచి వచ్చిన సగర అనేవాణ్ణి ఎక్కాడు. పాటలు పాడేవాడు సగర. మర్నాడు పొద్దున అదే నోటితో మమ్మల్నందర్నీ వరసలో నిలబడమని, సంతలో ఎడ్లకి చూసినట్టు మా పళ్ళు చూశాడు. నా దగ్గర కాసేపు ఆగాడు. నా పక్క చాప మీద పడుకునే వరక్ దగ్గర కూడా ఆగాడు.

మా పెద్ద కాపలాదారు ఒకసారి దాతుని ఈటెతో పొడిచాడు. బురదలో గుచ్చినట్టు దిగింది, తీయగానే పూడుకుపోయింది. పారిపోదామంటే కాకులున్నాయి. పడవ అలలు దాటేలోపు కళ్ళు తోడేస్తాయి.

నాన్న దాగలి కింద పాతిపెట్టిన ఆకాశపు ఇనుము ఇంకా ఉందా? ఇలాంటివాళ్ళని దానితో చేసిన కెరిస్ బాకు ఒక్కటే కోస్తుందని నాన్న ఎవరితోనో అంటుంటే చాటున విన్నాను. నాకొకటి చేసిపెట్టు అక్కా. ఇంటికి రావాలనుంది. నా ముఖం పెట్టుకుని ఇంకొకడు మన గుమ్మంలోకి రావడం నాకిష్టం లేదు.

ఉప్పుచేపల పడవ సరంగు మంచివాడు, ఉత్తరాలు చేపల అడుగున దాచి తెస్తాడు. వాసనకి నన్ను తిట్టకు.

నీ తమ్ముడు,
జలు


వైశాఖం, శుక్ల దశమి, లెగి సంతరోజు
పాండే వీధి, కెలుద్ కొండ కింద

ఒరే జలూ,

నేను క్షేమం. నీ ఉత్తరం వాసనకి వీధిలో పిల్లులన్నీ మన గుమ్మం ముందు చేరాయి. వాటితోపాటు ఇరుగుపొరుగూ చేరారు.

నాన్న పోయినప్పుడు రాలేదు. నా మొగుడు పోయినప్పుడూ రాలేదు. ఇప్పుడు నీ మెడమీదికి వచ్చేసరికి అక్క గుర్తొచ్చింది. నిన్ను తిట్టడానికి ఒక ఆకు చాలదు, చెట్టు కొట్టించాలి. కెంబాంగ్ పిన్ని అయితే, "కమ్మరింట్లో పుట్టి కత్తి చెయ్యడం చేతకాక కత్తి పట్టడానికి పోయాడు. అనుభవించనీయవే!" అంది. అని, కొంగు కళ్ళకద్దుకుని, కొలిమికి నైవేద్యం పెట్టడానికి బియ్యం దంచుతూ కూర్చుంది.

ఇనుము ఉంది, పిడికెడు. నిన్న తవ్వి తీశాను. ఎండలో పెట్టినా చల్లగానే ఉంటోంది. దాని పొగ మంచిది కాదని నాన్న భయపెట్టేవాడు. నాన్నకి అన్నీ భయాలే, కోడిపుంజుని చూసినా పక్కకి తప్పుకునేవాడు. ఆ సంగతి వదిలేయ్.

నీ కుడి బొటనవేలి వెడల్పు ఆకు ముక్క మీద గీసి పంపు. గోరు మొదట్లో, నొక్కకుండా కొలువు. ఆ కొలత లేకుండా నేను సమ్మెట ఎత్తను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళకే ఇల్లు విడిచి పారిపోయావు గానీ, పాండే కమ్మరుల ఇంటి పిల్లాడికి ఆమాత్రం చెవిన పడకుండా ఉండదు.

నీ రాత మాత్రం చెడలేదు. చిన్నప్పుడు నేను మొట్టిన మొట్టికాయలు వృథా పోలేదు.

అక్క,
రిమాంగ్


ఆషాఢం, బహుళ షష్ఠి
కాకుల దీవి

అక్కా,

నేను క్షేమం. ఈ వంకర రాత చూసి మళ్ళీ మొట్టకు. గంటం మొద్దుబారింది. పైగా మొన్న పీత పట్టబోతే వేలు కొరికింది. పీతని మాత్రం వదల్లేదు, మిరియాలు వేసి కాల్చి తిన్నాం.

కొలత ఇందులోనే పెట్టాను. నువ్వు చెప్పినట్టే గోరు మొదట్లో, నొక్కకుండా. ఎక్కడా ఒక నలుసంత తేడా లేదు.

ఇక్కడ పెద్ద విశేషాలేం లేవు. వరక్‌గాడు ఒక దుంగ పట్టుకుని ఈది పారిపోదామనుకున్నాడు. వాడి తెలివి అంతవరకే. ఒడ్డునే పట్టుకున్నారు. నేను అడ్డం వెళ్ళి నాలుగు మాటలు చెబితే వదిలేశారు. అప్పట్నుంచి నా చుట్టూ కోడిపిల్లలా తిరుగుతున్నాడు. నా అన్నం వాడే కలిపి పెడతానంటాడు. "పోరా, నేనేమైనా బాలింతనా!" అని తిట్టాను.

మాఘానికి ఇంక ఏడు నెలలుంది. తొందరపెడుతున్నానని అనుకోకు. తొందరపెడుతున్నాను.

జలు


భాద్రపదం, పూర్ణిమ, క్లివోన్ సంతరోజు
పాండే వీధి

జలూ,

నేను క్షేమం. కెరిస్ పూర్తయింది. తాటిబెల్లం బుట్ట అడుగున ఉంటుంది. బెల్లం ముందే తినేసి బుట్ట పారేసే రకానివి కాబట్టి చెబుతున్నాను.

పదకొండు వంపులు పెట్టాను. నలభై రోజులు పట్టింది. ఆ ఇనుము కొలిమిలో ఎర్రబడదు, తెల్లబడుతుంది. నీ కొలత ముక్క ఎదురుగా పెట్టుకుని, పిడి నుంచి మొన దాకా వేలు వెనక వేలుగా పేర్చి, పాట పాడుతూ కొలిచాను. ఆఖరి వేలు సరిగ్గా మొన మీద పడింది. ఇలా కుదరడం నాన్న చేతిలో కూడా రెండుసార్లే చూశాను. ఆ రోజు పిన్నీ నేనూ కోడిని కోసుకుని తిన్నాం.

ఒక్క మాట జాగ్రత్తగా విను. దాతు కూలిన తరవాత కూడా కత్తి చేతిలోంచి వదలకు. పాత ఒళ్ళు పోయినవాడు దగ్గరున్న మనిషి ఒంటి గడపే తొక్కుతాడు. అది నీ చేతిలో ఉన్నంతసేపూ నీ గడప ఎవడూ దాటలేడు. అంతకంటే నీకేం చెప్పను.

నీ రాతకేమైందిరా, ముత్యాల్లా ఉంది. మొద్దు గంటంతో ఇలా రాస్తే పదునైన గంటంతో ఎలా రాస్తావో.

వచ్చేటప్పుడు ఉప్పుచేప మాత్రం తేకు.

రిమాంగ్


పుష్యం, శుక్ల విదియ
కాకుల దీవి

అక్కా,

నేను క్షేమం. బుట్ట చేరింది. బెల్లం కూడా తిన్నాం.

ఎంత అందంగా ఉందే ఆ కెరిస్! దాని మీద గీతలు వాన నీళ్ళు పారినట్టున్నాయి. నాన్న బతికుంటే నీ చేతులు కళ్ళకద్దుకునేవాడు. వరక్ దాన్ని పట్టుకుని వదలడు. "ఒరే జలూ, దీన్ని పట్టుకుంటే అమ్మ చెయ్యి పట్టుకున్నట్టు వెచ్చగా ఉందిరా!" అంటాడు. నాకు మాత్రం చేపని పట్టుకున్నట్టు చల్లగా తగులుతోంది. వాడికెప్పుడూ కాస్త ఒళ్ళు వేడే.

అమావాస్య నాడు దాతు పడక తలాపున నేను, తలుపు దగ్గర వరక్ ఉంటాం. తక్కినవాళ్ళని కింద వాకిట్లో ఉంచుతారు. పాత ఒంట్లోంచి లేవబోయే ముందు ఒక్క ఊపిరి సేపు వాడు కళ్ళు మూసుకుంటాడట. అప్పుడే పొడుస్తాను. కత్తి వదలను. నీ మాట గుర్తుంది.

ఇంకో సంగతి. నా రాత ముత్యాల్లా ఉందన్నావు. అక్షరం ఒరిగితే గంటం వెనకభాగంతో నెత్తిన కొట్టిన అక్కవేనా నువ్వు? నీ రాత కూడా మారింది, గుండ్రంగా, పూలు పెట్టినట్టు. నీదీ కొత్త గంటమేమో. నేనేం అడగను.

నేను వచ్చాక రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నీకు కథలు చదివి వినిపిస్తాను. నువ్వు ఊరికే వింటూ ఉండు చాలు. సమ్మెట నువ్వు కొట్టు, కట్టెలు కోయడం, కొలిమి మండించడం, సంతకి పోవడం నా పని. ఎడమచేత్తో కూడా తిత్తి ఊదొచ్చు కదా? ఊరికే అడిగాను.

జలు


మాఘం, శుక్ల దశమి
పాండే వీధి

జలూ,

క్షేమసమాచారాలకి వేళ లేదు. పొడవకు. ఈ ఉత్తరం అందగానే ఆగిపో.

కెరిస్ నీ చేతికి చల్లగా తగలకూడదు. వెచ్చగా ఉండాలి. వరక్‌కి వెచ్చగా ఉండటమేమిటి? నువ్వు పంపిన కొలత ఎవరిది? ఎవరి బొటనవేలురా అది?

కొలత పిడి కుదరడానికనుకున్నావా? పిచ్చివాడా, కత్తి గుర్తుపట్టేది ఆ వేలినే. ఎవరి వేలితో కొలిస్తే వాడి గడపకే అది కాపలా. ఇంకొకడు పట్టుకుంటే కోస్తుంది, కాపలా మాత్రం కాయదు. దాతు చస్తూ నీ మీదికి దూకితే నీ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. ఇది నీకు తెలుసనుకున్నాను. నువ్వు నాన్న దగ్గర కొలిమి పక్కన కూర్చున్నది ఎన్నాళ్ళని? అంతా నా బుద్ధితక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు చెబుతున్నాను.

కత్తి వరక్‌కి ఇవ్వు. పొడిస్తే వాడే పొడవాలి. లేకపోతే ఎవరూ వద్దు. నీ కొలత పంపు, సగం ఇనుము ఇంకా మిగిలే ఉంది, ఇంకోటి చేస్తాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, నా మాట విను.

సరంగుకి నా చెవిపోగులు ఇచ్చి ఎక్కడా ఆగకుండా పొమ్మన్నాను.

అక్క


ఫాల్గుణం, శుక్ల పంచమి
కాకుల దీవి

రిమాంగ్ అక్కకి,

నీ ఉత్తరం అమావాస్య మర్నాడు చేరింది. అందులో అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను.

కొలత వరక్‌ది. నా కుడి బొటనవేలు ఆషాఢంలో తెగిపోయింది. వరక్ మెడ మీద పడబోయే కత్తికి చెయ్యి అడ్డం పెట్టాను. పీత కొరకడం అబద్ధం. అప్పట్నుంచి రాసినవి ఎడమచేత్తో రాసినవే, అందుకే వంకర. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. నీ కళ్ళు పోయాయని నాకు భాద్రపదంలోనే తెలిసింది. వంకర రాతని ముత్యాలన్నావు. పైగా ఆ ఉత్తరం వేరేవాళ్ళు రాసింది. రెండు రోజులు ఏడ్చాను. నీకు చెప్పలేదు.

కెరిస్ బాగా కోసింది. ఇప్పుడు దీవి నాది. పొడవడం ఎలాగో తెలిసినవాళ్ళు బతికుండటం మంచిది కాదని తక్కిన కాపలావాళ్ళని సముద్రంలోకి నడిపించాను. వరక్ ఒక్కడే కత్తితో పారిపోయాడు. కాకులు వాడి దగ్గరికి పోలేకపోయాయి. ఇక్కడ నేనూ, కాకులూ తప్ప ఎవరూ లేరు.

నువ్వు మిగిలిన ఇనుము తీసుకుని ఇక్కడికి రావాలి. ఆ పని తెలిసినదానివి నువ్వొక్కదానివే, కాబట్టి నా కళ్ళెదుట ఉండాలి. కళ్ళు లేకపోయినా చేతులు చాలు. చైత్రం దాటేలోపు రాకపోతే నేనే మీ వీధికి వస్తాను. దారి నాకు తెలుసు.

జలు


చైత్రం, శుక్ల సప్తమి, వగే సంతరోజు
పాండే వీధి

చిరంజీవి జలూ,

నేను క్షేమం. నీ ఉత్తరం పిన్ని చదివి వినిపించింది. దీవికి దొరవయ్యావంటే వీధంతా సంబరపడింది.

నువ్వు రమ్మంటే రానా? ఉప్పుచేపల పడవలోనే వస్తాను. ఇనుము, సమ్మెట తెస్తున్నాను. కళ్ళు లేనిదాన్ని కదా, చెయ్యి పట్టి నడిపించడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకుంటాను, కాకుల్ని కాస్త అదుపులో పెట్టు. ఒడ్డున నువ్వే ఎదురురావాలి. అక్కడ నీకు వక్కాకు దొరకదేమో, తెస్తాను. నా వక్కల కత్తితో నేనే కోసి పెడతాను.

అక్క,
రిమాంగ్


అదే రోజు. ఇది పంపను.

నాయనా జలూ,

ఇది పిన్ని రాయలేదు, నేనే రాస్తున్నాను. ఎడమచేతి వేలు ఆకు అంచున పెట్టి, దాని పక్కనే గంటం నడుపుతున్నాను. వరసలు ఒకదాని మీదొకటి ఎక్కితే ఎక్కనీ. ఎవరూ చదవరు.

ఆ పొగ నిజంగానే కళ్ళు తింటుంది. నీ కొలత రాకముందే ఇనుము కాచి శుద్ధి చేయడం మొదలుపెట్టాను. ఇరవయ్యో రోజుకి మంట ఒక్కటే కనబడింది, ముప్ఫయ్యో రోజుకి అదీ లేదు. కొలత వచ్చాక ఆ నలభై రోజులూ చేతులతోనే చేశాను. నీకు చెబితే దుఃఖపడతావని చెప్పలేదు. నీ ఉత్తరాలు పిన్ని చదివేది. ఆవిడ నీ పాత రాత ఎప్పుడూ చూడలేదు, వంకర రాతే నీ రాత అనుకుంది. నువ్వు వంకర రాత అన్నది ఊరికే అనుకుని, చూశానని నువ్వు నమ్మాలని ముత్యాలన్నాను. నాకు కళ్ళుంటే ఆషాఢపు ఉత్తరంలోనే, మొదటి అక్షరం దగ్గరే, నీ చేతికి ఏదో అయిందని పట్టేసేదాన్ని. నువ్వు పీత అన్నావు, నేను ముత్యాలన్నాను. మనిద్దరం ఒకరినొకరు కాపాడుకోబోయి ఇంత పని చేశాం.

వరక్ నాలుగు రోజుల కిందట వచ్చాడు. గుమ్మంలో కాళ్ళ మీద పడ్డాడు.

"అక్కా, పొడవగానే ఆ దాతుగాడు కూలిపోయాడక్కా. జలు నా వైపు తిరిగి నవ్వాడు. 'అయిపోయిందిరా, ఇంటికి పోదాం' అన్నాడు. అంతలోనే ముఖం అదోలా అయింది. కత్తి నా మీదికి విసిరేసి, 'పట్టుకో, పరిగెత్తు' అని అరిచాడు. మళ్ళీ నవ్వాడక్కా. ఆ నవ్వు వాడిది కాదు."

"నువ్వు పొడవలేకపోయావా?" అని అడిగాను.

"చెయ్యి లేవలేదక్కా. ఆ చేతికి వేలు లేదు కదా, అది నా వల్లే కదా. ఎలా పొడవను?"

వాణ్ణి తిట్టలేకపోయాను. అన్నం పెట్టాను. వాడి బొటనవేలు పట్టుకుని చూశాను. నలభై రోజులు నేను పాడుకుంటూ కొలిచిన వెడల్పే అది, నాకు బాగా తెలిసిన వేలు. అది నీదనుకుని ఎన్నిసార్లు కళ్ళకద్దుకున్నానో.

ఫాల్గుణంలో ఆ ఉత్తరం పిన్ని చదువుతుంటే, వేలు తెగిన సంగతి దగ్గరే నాకు తెలిసిపోయింది. నా తమ్ముడు నాకు ఆ మాట చచ్చినా చెప్పడు. నీకు తెలిసినవన్నీ దానికి తెలుసు. పీత సంగతి తెలుసు, నువ్వు రెండు రోజులు ఏడ్చిన సంగతి తెలుసు. ఎందుకు దాచావో మాత్రం తెలీదు. అందుకే గబగబా అన్నీ నిజాలే చెప్పేసింది. పిన్ని చదవడం ఆపి, "ఏమే, రాత ఇంత చక్కగా కుదిరిందేమిటే వీడికి?" అంది. మిగతాది కూడా ఆఖరిదాకా చదివించుకున్నాను.

మిగిలిన ఇనుముతో వక్కల కత్తి చేశాను. మూడు బొటనవేళ్ళ పొడవు. నా వేలితోనే కొలిచాను. వెచ్చగా ఉంది. వరక్ చేతిలో వాడి కెరిస్ ఉంటుంది, నా చేతిలో ఇది ఉంటుంది. మా ఇద్దరి తలుపులూ మూసే ఉంటాయి. మమ్మల్ని దింపి సరంగు పడవని దూరంగా తీసుకుపోతాడు. దీవిలో ఇంకెవరూ లేరని అదే రాసింది. మనిషి గడప తప్ప దానికి ఇంకోటి పనికిరాదు. ఈసారి అది ఎక్కడికి పోతుందో చూస్తాను.

నువ్వు లోపల ఎక్కడైనా ఉన్నావో లేదో నాకు తెలీదు. నాన్న ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉంటే భయపడకు. అది ఎన్ని మాటలు చెప్పినా నేను వినను. ముందు నీ కుడిచెయ్యి అందుకుంటాను. వేలు ఉండాల్సిన చోట తడుముతాను. అక్కడ ముద్దు పెట్టుకుంటాను. నీకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ వేలే పట్టుకుని అక్షరాలు దిద్దించాను. ఆ తరవాత నా పని నేను చేస్తాను.

నిన్ను ఇంటికి తీసుకొస్తాను. నీ ముఖంతో ఇంకొకడు రాడు. నువ్వే వస్తావు, వరక్ మోసుకొస్తాడు. నాన్న పక్కన చోటు చూపించి, శుభ్రం చేయించమని పిన్నికి చెప్పాను. అరుగు మీద కథలు ఇంక నేనే చెబుతాను, నువ్వు ఊరికే వింటూ ఉండు.

పడవ వచ్చిందని వరక్ పిలుస్తున్నాడు. పిన్ని ఆఖరుసారి తిత్తి ఊదుతోంది. ఈ ఆకు కొలిమిలో వేసి బయలుదేరతాను.

ఇక్కడ నేను క్షేమం.

అక్క